రెండో పోటు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. కానీ అవి నాకన్నా బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇంజనీరుని. ముప్ఫై ఏళ్లకు పైగా రేవుల్లో, సముద్రపు ఒడ్డున కట్టడాల పని చేశాను. అందుకని మన తొమ్మిదో తరగతి గదిలో లేచిన ఒక ప్రశ్న గురించి, దాని వెనక ఉన్న నాలుగు వందల ఏళ్ల చరిత్ర గురించి నాకు తెలిసినంత రాస్తాను.

అది 1983. సైన్సు మాస్టారు ఆటుపోట్ల పాఠం చెబుతున్నారు. చంద్రుడు సముద్రపు నీటిని తనవైపు లాక్కుంటాడు, అందువల్ల పోటు వస్తుంది అని బోర్డు మీద బొమ్మ వేశారు. మన ఊరి పిల్లలకు పోటంటే పుస్తకంలో విషయం కాదు. ఉప్పుటేటి రేవులో పడవలు ఎప్పుడు తేలతాయో, ఎప్పుడు బురదలో కూర్చుంటాయో అందరికీ తెలుసు. వెనక బెంచీలోంచి పడవలవాళ్ల అబ్బాయి ఒకడు లేచాడు.

"మాస్టారండీ, చంద్రుడు లాగితే చంద్రుడున్న వైపే కదండీ నీళ్లు లేవాలి? అలాగైతే రోజుకి ఒక్క పోటే రావాలి. మన ఏట్లో రెండుసార్లు వస్తుందేంటండీ?"

క్లాసులో ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. బొమ్మ వంక కాసేపు చూసి సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "నిజమేరా. నాకు తెలీదు. ఓ వారం టైమివ్వు" అన్నారు.

వారం తర్వాత మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్లారు. ముగ్గురిని ఒకే వరుసలో ఒకరి వెనక ఒకరిని, రెండేసి బారల దూరంలో నిలబెట్టారు. ఎదురుగా వేపచెట్టు. "చెట్టు చంద్రుడు. మధ్యలో ఉన్నవాడు భూమి. ముందున్నవాడు చంద్రుడి వైపు నీళ్లు, వెనకున్నవాడు అవతలి వైపు నీళ్లు. దగ్గరున్నవాణ్ణి చంద్రుడు గట్టిగా లాగుతాడు కాబట్టి ముందువాడు వేగంగా పరిగెత్తాలి. మధ్యవాడు మామూలుగా, వెనకవాడు నెమ్మదిగా" అన్నారు. వెనకవాణ్ణి నేనే. ఆ పాత్రకు నన్నే ఎందుకు ఎంచారో నాతో చదువుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈల వేశారు, పరిగెత్తాం. మళ్లీ ఈల వేసి ఆపారు. మధ్యవాణ్ణి అడిగారు, "ఏం జరిగిందిరా?" వాడు అటూ ఇటూ చూసి, "ముందువాడు నాకు దూరమయ్యాడండీ. వెనకవాడూ దూరమయ్యాడండీ" అన్నాడు.

ముగ్గురం చెట్టువైపే పరిగెత్తాం. అయినా మధ్యవాడి దృష్టిలో మిగిలిన ఇద్దరూ చెరో దిక్కుకూ జరిగిపోయారు. రెండో పోటు రహస్యం అదే. భూమి కూడా చంద్రుడివైపు పడుతూనే ఉంటుంది. కాకపోతే పక్కకు కదలిక ఉండటంతో ఢీకొనకుండా ఇద్దరూ ఒక ఉమ్మడి కేంద్రం చుట్టూ తిరుగుతుంటారు. చంద్రుడి వైపు నీరు భూమి కన్నా ముందుకు పోతే, అవతలి వైపు నీరు వెనకబడిపోతుంది. కాబట్టి పోటుకు కారణం లాగుడు కాదు, లాగుడులో ఉన్న తేడా.

గెలీలియో పొరపాటు

సముద్రానికీ చంద్రుడికీ సంబంధం ఉందని తీరంలో బతికేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. చంద్రోదయానికి సముద్రం ఉప్పొంగడం మన కావ్యాల్లో పాత వర్ణనే. బరువైన వస్తువులను భూమి తన శక్తితో తనవైపు లాక్కుంటుందని భాస్కరాచార్యుడు 1150లో సిద్ధాంత శిరోమణిలో రాశాడు. అయితే ఆ శక్తి దూరంతో ఎంత తగ్గుతుంది, చంద్రుడి దాకా పోతుందా అన్న లెక్క అప్పటికి లేదు. ఆ లెక్క లేకుండా రెండో పోటు సంగతి తేలదు.

1609లో కెప్లర్ తన ఖగోళ గ్రంథం ముందుమాటలో సముద్రాన్ని చంద్రుడే లాగుతున్నాడని రాశాడు. గెలీలియో ఒప్పుకోలేదు. అంత దూరం నుంచి, తాకకుండా, కనపడకుండా లాగడమనేది ఆయనకు మంత్రాల మాటలా తోచింది. 1632లో అచ్చయిన తన ప్రసిద్ధ సంభాషణల గ్రంథంలో నాలుగో రోజు చర్చను ఆటుపోట్లకే కేటాయించాడు. కదిలే పడవలో పెట్టిన తొట్టెలో నీళ్లు తొణికినట్టు, భూమి తన చుట్టూ తాను, సూర్యుడి చుట్టూ తిరగడంవల్ల సముద్రం తొణుకుతోందని ఆయన వాదన. భూమి కదులుతోందనడానికి అదే గట్టి రుజువనుకున్నాడు. పుస్తకానికి పేరు కూడా ఆటుపోట్ల మీదే పెట్టాలనుకుంటే చర్చి పెద్దలు పడనివ్వలేదు.

ఆ లెక్కన రోజుకు ఒక్క పోటే రావాలి. రెండోదానికి సముద్రాల లోతు, ఆకారం కారణాలని గెలీలియో సర్దిచెప్పాడు. చంద్రుడి ప్రభావాన్ని నమ్మినందుకు కెప్లర్‌ను చూసి ఆశ్చర్యపోయాడు కూడా. భూమి కదులుతోందన్నది నిజం, దానికి చూపిన రుజువు తప్పు. అంతటి మనిషి ముందు కూడా మన పడవలవాళ్ల అబ్బాయి ప్రశ్న నిలబడే ఉండేది.

న్యూటన్ లెక్క

జవాబు 1687లో వచ్చింది. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందని న్యూటన్ ప్రిన్సిపియాలో చూపించాడు. దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు. మాస్టారి ఆటలో ముందువాడికీ వెనకవాడికీ వేగంలో తేడా వచ్చింది ఇందువల్లే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడు లాగే బలానికి సుమారు 180 రెట్లు. మరి పోటుకు చంద్రుడే పెద్ద కారణమెలా అయ్యాడు? పోటుకు లాగుడు ముఖ్యం కాదు, తేడా ముఖ్యం. ఆ తేడా దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా చాలా దూరంగా ఉన్నాడు కాబట్టి, సూర్యుడి వల్ల వచ్చే పోటు చంద్రుడి పోటులో సగం కూడా ఉండదు. పౌర్ణమికీ అమావాస్యకూ ఇద్దరి పోట్లూ కలిసి పెద్ద పోటు వస్తుంది. అష్టమి రోజుల్లో ఒకరిది ఒకరు తగ్గిస్తారు.

నిజమైన సముద్రం ఇంత సులువుగా నడవదు. ఖండాలు అడ్డం వస్తాయి, లోతులు మారతాయి. 1770లలో లాప్లాస్ పోటును కదిలే అలగా చూసి లెక్క కట్టాడు. ఆ అల తీరాన్నిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది. మన తీరంలో పౌర్ణమి పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరైతే, గుజరాత్‌లోని భావనగర్ దగ్గర అది సుమారు 10 మీటర్లు. పక్కనే ఉన్న అలంగ్‌లో పాత ఓడలను విరగ్గొట్టడానికి ఒడ్డుకు ఎక్కించేది ఆ పోటు మీదే. 1879లో మన దేశపు రేవుల పోట్లు లెక్కగట్టడానికి లండన్‌లో చక్రాలతో, కప్పీలతో ఒక యంత్రం తయారైంది. భారత సర్వే సంస్థ అచ్చువేసే పోటు పట్టికలు నేటికీ ప్రతి రేవు ఇంజనీరు బల్ల మీదా ఉంటాయి.

ఆ తేడా నీటినే కాదు, రాతినీ లాగుతుంది. చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపించడానికి కారణం, భూమి ఆకర్షణలోని తేడా ఒకప్పటి దాని సొంత తిరుగుడును కట్టేయడమే. ఆటుపోట్ల రాపిడికి మన రోజు అతి నెమ్మదిగా పెరుగుతోంది. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కాంతి పంపి కొలిచిన లెక్క ఇది.

నా తప్పు

ఇంత తెలిసినవాణ్ణి, ఒకసారి నేనే బోల్తాపడ్డాను. ఒక రేవు పనిలో పునాది గొయ్యి చుట్టూ రింగు బండ్ వేయించాను. కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. "సార్, పోటు ఎత్తు డ్రాయింగులోంచి తీసుకున్నాం. కట్ట ఎత్తు రేవులోని గుర్తునుంచి కొలిచాం. ఈ రెండింటికీ సున్నా ఒకటేనా సార్?" అని అడిగాడు.

ఆ రోజు నాకు తీరిక లేదు. పదిమంది ముందు అడిగాడన్న చిరాకు కూడా ఉంది. "ముప్ఫై రేవులు చూసినవాడిలా మాట్లాడకు, పని చూడు" అన్నాను.

రెండు సున్నాలూ ఒకటి కావు. డ్రాయింగులో ఎత్తులు సగటు సముద్ర మట్టం నుంచి, రేవు గుర్తు అంతకంటే కిందనుండే పాటు మట్టం నుంచి. మధ్య తేడా ముప్పాతిక మీటరు పైమాటే. పౌర్ణమి రాత్రి నీళ్లు కట్టదాటి గోతిలోకి దిగాయి. మనుషులకు ఏమీ కాలేదు. రెండు పంపులు మునిగాయి, పదిరోజుల పని బురదపాలైంది. మర్నాడు ఆ అబ్బాయి నా ముఖం చూడలేక తల దించుకున్నాడు. దించుకోవలసింది నేను. మాస్టారు బల్ల మీద సుద్దముక్క పెట్టిన దృశ్యం అప్పుడు గుర్తొచ్చింది. "నాకు తెలీదు, చూసి చెబుతాను" అన్న ఒక్క మాట నా నోట రాలేదు.

చంద్రశేఖర్‌కు ఎదురైన పెద్దమనిషి

మైదానంలో పాఠం జరిగిన ఏడాదే, అక్టోబరులో, ఉదయం ప్రార్థన తర్వాత వార్తలు చదివేటప్పుడు మాస్టారు తానే పేపరు తీసుకున్నారు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. నక్షత్రాల గురించి అన్నంతవరకే మాకు అర్థమైంది. అసలు కథ చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను.

నక్షత్రం అంటే ఎడతెగని పెనుగులాట. గురుత్వాకర్షణ లోపలికి నొక్కుతుంది, వేడి బయటికి నెడుతుంది. సూర్యుడి మధ్యలో ఉష్ణోగ్రత సుమారు కోటి యాభై లక్షల డిగ్రీలు. అక్కడ సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతూ ఆ బరువును మోస్తోంది. ఈ సమతూకాన్ని విడమరిచి చెప్పినవారిలో అగ్రగణ్యుడు ఇంగ్లండుకు చెందిన ఎడింగ్టన్. 1919 సూర్యగ్రహణంలో నక్షత్రకాంతి వంగడాన్ని కొలిచి ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి సాక్ష్యం తెచ్చిన బృందాలకు నాయకుల్లో ఆయనొకరు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్న చంద్రశేఖర్‌కు ఒక పోటీలో బహుమతిగా వచ్చిన పుస్తకం ఆయన రాసిందే.

ఇంధనం అయిపోయాక నక్షత్రం ఏమవుతుంది? కుంచించుకుపోయి భూమంత శ్వేతకుబ్జ తారగా మిగులుతుందని అప్పటి నమ్మకం. 1930లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండు వెళ్లే ఓడలో చంద్రశేఖర్ లెక్క వేసి చూశాడు. ఒక హద్దు తేలింది. నేటి లెక్కల్లో అది సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. అంతకన్నా బరువైన శేషం శ్వేతకుబ్జ తారగా నిలవలేదు, ఇంకా కూలుతుంది.

1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో చంద్రశేఖర్ ఈ సంగతి చెప్పాడు. వెంటనే ఎడింగ్టన్ లేచి దాన్ని ఎగతాళి చేశాడు. నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ప్రకృతిలోనే ఏదో నియమం అడ్డుపడాలన్నది ఆయన వాదన. సభ నవ్వింది. లెక్కలో తప్పు ఎక్కడుందో మాత్రం ఆయన చూపించలేదు. చంద్రశేఖర్‌దే సరైన లెక్క అని తెలిసిన పెద్దలు కూడా బాహాటంగా నోరు విప్పలేదు. ఇరవై నాలుగేళ్ల చంద్రశేఖర్ తర్వాత అమెరికా వెళ్లి, ఆ విషయంపై పుస్తకం రాసి, వేరే పరిశోధనల్లోకి మళ్లాడు. ఎడింగ్టన్ మీద గౌరవం మాత్రం వదులుకోలేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆయన స్మారకోపన్యాసాలు ఇచ్చిందీ చంద్రశేఖరే. 1995లో, చనిపోయిన ఏడాది, వెలువడిన ఆయన చివరి గ్రంథం న్యూటన్ ప్రిన్సిపియాకు వివరణ.

తేడా చేసే పనులు

ఎడింగ్టన్ జరగకూడదనుకున్నదే జరుగుతుంది. 1916లో ష్వార్జ్‌షీల్డ్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు కనుక్కున్న పరిష్కారం ప్రకారం సూర్యుణ్ణి 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి నొక్కితే కాంతి కూడా బయటపడదు. భూమినైతే గోళీకాయంత చేయాలి. 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ ఇద్దరూ పెద్ద నక్షత్రం నిజంగా అలా కూలగలదని లెక్కతో చూపారు. కృష్ణబిలం అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు పేరు 1967 తర్వాత వీలర్ వల్ల ప్రచారంలోకి వచ్చింది.

ఐన్‌స్టీన్‌కు తట్టిన మొదటి సంగతి, పైనుంచి పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదని. తెగిన లిఫ్టులో ఉన్నవాడికి లాగుడు మాయమవుతుంది. కానీ అతని తలకూ కాళ్లకూ మధ్య ఉన్న తేడా మాయం కాదు. అంటే గురుత్వాకర్షణలో దేనివల్లా చెరిగిపోని భాగం ఆ తేడాయే. మన ఉప్పుటేట్లో రోజుకు రెండుసార్లు నీళ్లు లేపే తేడా!

అది ఎంత బలమైనదో చూపే సంఘటన 1992లో జరిగింది. ఒక తోకచుక్క గురుగ్రహానికి మరీ దగ్గరగా పోయింది. దగ్గరి వైపు ముందుకు, దూరపు వైపు వెనక్కు, మాస్టారి ముగ్గురు పిల్లల్లాగే విడిపోయి ఇరవైకి పైగా ముక్కలైంది. షూమేకర్-లెవీ 9 అనే ఆ తోకచుక్క ముక్కలు 1994 జూలైలో వరుసగా గురుగ్రహం మీద పడ్డాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రోజూ పేపర్లో ఆ వార్తలే.

కృష్ణబిలం దగ్గర ఇదే తేడా నక్షత్రాలను చీల్చి దారపుపోగులా సాగదీస్తుంది. విచిత్రమేమిటంటే చిన్న కృష్ణబిలమే ఎక్కువ క్రూరమైనది. సూర్యుడికి పదింతలున్న దాని దగ్గరకు మనిషి వెళ్తే, తిరిగిరాని సరిహద్దు చేరకముందే ముక్కలవుతాడు. 2019లో ఫొటో వచ్చిన ఎం 87 కృష్ణబిలం సూర్యుడికి సుమారు 650 కోట్ల రెట్లు. దాని సరిహద్దు దాటేటప్పుడు శరీరానికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

గెలాక్సీలదీ ఇదే కథ. ఆకాశంలో కొన్ని గెలాక్సీ జంటలకు పొడవైన నక్షత్రాల తోకలు కనిపిస్తాయి. 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్‌తో లెక్కగట్టి, అవి ఒకదాని పక్కనుంచి మరొకటి పోయేటప్పుడు లేచిన పోట్లేనని చూపించారు. చాలా జంటల్లో తోకలు రెండు, ఒకటి ఇటు, ఒకటి అటు. మన పాలపుంత కూడా ధనుస్సు రాశి దిక్కున ఉన్న ఒక చిన్న గెలాక్సీని ఇలాగే సాగదీసి మింగుతోందని 1994లో బయటపడింది. గెలాక్సీలను కట్టి ఉంచే ఆకర్షణకు కనిపించే నక్షత్రాల బరువు చాలదని 1970లలో వీరా రూబిన్ కొలతలు బలపరిచాయి. ఆ మిగతా బరువు దేనిదో ఇప్పటికీ ప్రశ్నే.

చివరగా, 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు ఉన్న రెండు కృష్ణబిలాలు కలిసిపోతే పుట్టిన తరంగం అది. 130 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి వచ్చింది. 4 కిలోమీటర్ల పొడవున్న చేతులు ఒకటి సాగి, ఒకటి కుంచించుకుంది. ఆ మార్పు ప్రోటాన్ వెడల్పులో వందో వంతు కూడా లేదు. ఒక దిక్కున సాగదీయడం, అడ్డంగా నొక్కడం పోటు చేసే పనే. అలాంటి పరికరానికే మన దేశంలో, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, 2023లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. ఆ ప్రాంతం ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోదే.

మాస్టారు చెప్పిన సంగతి

2016 ఫిబ్రవరిలో లైగో వార్త పేపర్లలో వచ్చినప్పుడు కత్తిరించుకుని మాస్టారింటికి వెళ్లాను. రిటైరై చాలా ఏళ్లయింది, చూపు మందగించింది. నేనే చదివి వినిపించాను. విని, "అయితే మన వేపచెట్టు ఆట తప్పు కాదన్నమాట" అని నవ్వారు. రింగు బండ్ సంగతి కూడా చెప్పుకున్నాను. "ఆ కుర్రాడికి తర్వాత చెప్పావా, నీదే తప్పని?" అని అడిగారు. చెప్పానన్నాను. "ఆలస్యమైనా పర్లేదు, చెప్పావు" అన్నారు.

అప్పుడు అడిగాను, ఆ వారంలో జవాబు ఎక్కడ దొరికిందని. ఊళ్లో అలాంటి పుస్తకాలు లేని రోజులవి.

"నా దగ్గర చదువుకున్నవాడొకడు అప్పుడు ఎమ్మెస్సీ చదువుతుండేవాడు. ఆదివారం బస్సెక్కి వెళ్లి, వాడి హాస్టలు గదిలో కూర్చుని చెప్పించుకున్నాను. వాడు మొదట మొహమాటపడ్డాడు. నేను నోట్సు తీశాక ధైర్యం వచ్చింది" అన్నారు.

పేరు ఆయన చెప్పలేదు, నాకు అడగాలని తట్టలేదు. మాస్టారు ఇప్పుడు లేరు. ఆ ఎమ్మెస్సీ విద్యార్థి మన బడి పూర్వ విద్యార్థే కాబట్టి, ఈ సంచిక చదివేవారిలో మీరు ఉండే అవకాశం ఉంది. అయ్యా, మీరెవరో ఒక్కసారి సంఘానికి కబురు చేయండి. ఆ రోజు వేపచెట్టు వైపు పరిగెత్తిన ముగ్గురిలో వెనకవాడు మీకు నమస్కారం చెప్పుకోవాలి.